రెండో నీడ

నా చిన్నప్పుడు జహీరాబాద్‌లో మా గల్లీ మొత్తానికి టీవీ ఉన్నది పక్కింటి అక్క వాళ్ల దగ్గరే. ఆదివారం పొద్దున బొమ్మల కథ వచ్చే వేళకు ఆ ఇంటి గడప ముందు చెప్పులు కుప్పపడేవి. ఇసుక సముద్రంలో పడవ నడుపుకుంటూ సొంత ఊరు వెతుక్కునే ముగ్గురు పిల్లల కథ అది. వాళ్లకు తోడు మాట్లాడే కొంగ ఒకటి. ప్రతి వారం ఊరు కనిపించినట్టే కనిపించి ఇసుకలో కలిసిపోయేది. మాటలన్నీ ఇంగ్లీషు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా రెప్ప వేసేవాళ్లం కాదు. అంత ఇష్టంగా నేను మళ్లీ దేన్నీ చూడలేదు.

మాటలు తెలియవు కాబట్టి కథను మేమే అల్లుకున్నాం. ఆ తెర మీద ప్రతి మనిషి పక్కన బూడిద రంగులో ఇంకో మనిషి కదిలేవాడు. అది రెండో నీడ అని, అది పట్టినవాళ్లు ఇల్లు చేరరని పిల్లలందరం తేల్చేశాం. ఆ ముగ్గురూ వారం వారం ఊరి దాకా వచ్చి వెనక్కి పోతుంటే ఇంకేం రుజువు కావాలి?

ఆ ఏడు మా నాయన అల్లం లోడుతో బొంబాయి బయల్దేరాడు. తెల్లవారుజామున లారీ లైట్ల ముందు నుంచి నడిచి వెళ్తుంటే మా గోడ మీద ఆయన నీడలు రెండు పడ్డాయి. పైకి చెబితే నిజమవుతుందని ఎవరికీ చెప్పలేదు. గురువారం రావలసిన మనిషి శనివారానికీ రాలేదు. అమ్మ వంట మధ్యలో లేచి మాటిమాటికీ వాకిట్లోకి వచ్చేది.

ఆదివారం టీవీలో నీడలు ఎప్పటికంటే నల్లగా ఉన్నాయి. కాసేపటికి అవి మనుషుల కంటే ముందే కదులుతున్నట్టు అనిపించింది. లేచి బయటికి పరుగెత్తాను. వెనకే వచ్చిన అక్కకు ఏడుస్తూ అంతా చెప్పేశాను. ఆమె నవ్వలేదు. నన్ను మిద్దె ఎక్కించి యాంటెన్నా గొట్టం చేతికిచ్చింది.

"యాంటెన్నా పక్కకు తిరిగితే బొమ్మ రెండుగ పడ్తది. జర మెల్లగ తిప్పు. నేను కిందికెల్లి చెప్త."

తిప్పాను. "నీడ దగ్గరికొస్తున్నది... ఇంక జర... కలిసిపోయింది," అని కింద నుంచి అక్క గొంతు వినిపించింది. దిగి చూస్తే ఇసుకలో ఆ పిల్లలు ముగ్గురే ఉన్నారు. వాళ్ల పక్కన ఎవరూ లేరు. ఎందుకో అది చూస్తే ఇంకా భయమేసింది.

తర్వాత అక్క నన్ను చీకటి అర్రలోకి తీసుకెళ్లి రెండు బుడ్డి దీపాలు ఎడంగా పెట్టింది. గోడ మీద నాకు రెండు నీడలు, తనకు రెండు.

"లారీకి లైట్లెన్ని?" అని అడిగింది.

"రెండు. మరి నాయన ఎప్పుడొస్తడు?"

"నాకెరుక లేదు. మీ అమ్మకు గూడ ఎరుక లేదు. పోయి ఆమె కాడ కూసో."

ఇంటికి వెళ్లి పొయ్యి ముందు అమ్మను ఆనుకుని కూర్చున్నాను. అమ్మ చెయ్యి నా వీపు మీద పడింది. ఆ పూట ఆమె మళ్లీ వాకిట్లోకి లేచి వెళ్లలేదు.

లారీ దారిలో చెడిపోయిందట, నాయన మంగళవారం వచ్చాడు. ఆ బొమ్మల కథ ఏదో ఒక ఆదివారం రాకుండా ఆగిపోయింది. ఆ పిల్లలు ఊరు చేరారో లేదో ఈ వయసుకూ నాకు తెలియదు. తర్వాత చాలామంది కోసం ఎదురుచూశాను, కొందరు రాలేదు. భయం ఇప్పటికీ వేస్తుంది. కాని ఎవరి రాకైనా ఆలస్యమైతే నేనిప్పుడు రోడ్డు వైపు చూడను. నాతోపాటు ఇంకెవరు ఎదురుచూస్తున్నారో చూసుకుని, వాళ్ల పక్కన వెళ్లి కూర్చుంటాను.