లువీనియా ఆకుపచ్చ టోపీ

మా వంటింటి కిటికీలోంచి చూస్తే లువీనియా హాచర్ ఇంటి వసారా మొత్తం కనిపిస్తుంది. గిన్నెలు కడిగే తొట్టి ఆ కిటికీ కిందే ఉండటం నా తప్పు కాదు. నలభై రెండేళ్ళుగా కడుగుతున్నాను, చూస్తున్నాను. ఆమె ఇంటి ముందు ఎవరి కారు ఆగింది, ఎంతసేపు ఆగింది, వెళ్ళేవాళ్ళ చేతిలో రేకు కాగితం చుట్టిన పళ్ళెం ఉందా లేదా, ఈ సంగతులు అలబామా మొత్తం మీద నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు.

దాచడమెందుకు, ఆమె అంటే నాకు చిన్నప్పటి నుంచీ కుళ్ళు. చర్చిలో కేకులు వేలం వేస్తే ఆమె కేకు మొదటి పాటకే పోయేది. నాది చివర్లో పాస్టరుగారు జాలిపడి కొనేవారు. రంపపు మిల్లులో పనిచేసే ఓటిస్ హాచర్ నన్ను జాతరకి తీసుకెళ్తానని మాటిచ్చాడు. నేను గౌను ఇస్త్రీ చేసుకుని అరుగు మీద కూర్చున్నాను. వాడు ఆమెను తీసుకెళ్ళాడు, ఆ తర్వాత పెళ్ళి కూడా చేసుకున్నాడు. నాకు దొరికిన క్లిఫ్టన్ బంగారంలాంటి మనిషి. అయినా ఓటిస్ పోయి ఆరేళ్ళయినా ఆ ఇస్త్రీ గౌను నాకు గుర్తుంది.

లువీనియా ముప్ఫై ఒక్క ఏళ్ళు మా ఊరి బడి వంటగదిలో పనిచేసింది. గురువారం వస్తే పిల్లలకి మెత్తటి బన్నులు. ఒక గురువారం తెల్లారేసరికి బడిలో పెద్ద పొయ్యి చెడిపోయింది. బ్రెడ్డు ముక్కలు పెట్టి సరిపెట్టమని హెడ్మాస్టరు అన్నాడట. "గురువారం బన్నులని చెప్పాను" అని ఈవిడ పిండి ముద్దలన్నీ ఇంటికి మోసుకొచ్చి, తన పొయ్యి చాలక మా తలుపు కొట్టింది. రెండు వందల బన్నుల్లో సగం నా పొయ్యిలోనే కాలాయి. పేరు మాత్రం ఆమెకే వచ్చింది. ఇప్పటికీ ఆ పిల్లలు పెద్దవాళ్ళై ఎదురైతే, "మిస్ లువీనియా, ఆ రోజు బన్నులు..." అంటారు. నేను పక్కనే నిలబడి ఉంటాను.

ఇలాంటి ఇంటి పక్కన ఉంటుంటే, దేవుడు మా ఇద్దరికీ ఒకే నెలలో మనవల్నిచ్చాడు. ఆమెకి జవారిస్, నాకు మార్కెల్. ఇద్దరి తల్లిదండ్రులూ పట్నాల్లో ఉద్యోగాలు చేస్తుంటే ఇద్దర్నీ మేమే పెంచాం. ఇద్దరూ తలుపులకి పట్టనంత ఎదిగారు, ఇద్దరూ బడి ఫుట్‌బాల్ జట్టులో చేరారు. మా అమెరికా ఫుట్‌బాల్‌లో బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తేవాడి పేరు పేపర్లో పడుతుంది. వాడి ముందు గోడలా నిలబడి దెబ్బలు తినేవాళ్ళ పేర్లు వాళ్ళ నాయనమ్మలకే తెలుస్తాయి. మావాళ్ళిద్దరూ ఆ గోడలో ఇటుకలు.

పోయిన జూన్‌లో, రెండు గంటల దూరంలో ఉన్న 'వెస్ట్‌లో' అనే చిన్న కాలేజీ నుంచి కోచ్ బ్రాస్‌వెల్ వచ్చాడు. ఆయన గోడలో ఒక్క చోటు ఖాళీ ఉంది. ఆ చోటు దొరికినవాడికి నాలుగేళ్ళ చదువు, తిండి, గది అన్నీ కాలేజీవే. దొరకనివాడికి మిల్లు ఉంది.

ఆయన లువీనియా ఇంట్లో గంటా యాభై నిమిషాలు కూర్చున్నాడు. వాలుగ చేప వేపుడు, ఆకుకూర, బన్నులు. లోపల ఏం జరిగిందో ఆదివారం చర్చిలో ఆమే లేచి చెప్పింది. కోచ్ "మా దగ్గరికొస్తావా బాబూ?" అని అడిగితే జవారిస్ పళ్ళెంలోకి చూస్తూ కూర్చున్నాడట. ఈవిడే "వస్తాడు. నా మాట" అందట. ఆ చెప్పడం వెస్ట్‌లో కాలేజీ రంగైన ఆకుపచ్చ టోపీ పెట్టుకుని మరీ చెప్పింది. అంచు వెడల్పాటిది, పక్కన ఈకలు. ఫిబ్రవరిలో కుర్రాళ్ళు కాలేజీ కాగితాల మీద సంతకాలు పెట్టే రోజున మళ్ళీ ఇదే పెట్టుకుంటానని కూడా ప్రకటించింది. సంఘమంతా ఆమెన్ అంది. నేనూ అన్నాను, పళ్ళ మధ్య నుంచి.

ఆ కోచ్ మా ఇంటికీ వచ్చాడు. పది నిమిషాలు. పీచ్ పళ్ళతో నేను చేసిన తీపి వంటకం, కాబ్లర్, నిలబడే తిన్నాడు. "ఇంకొక్క చోటుంటే మీవాణ్ణే తీసుకునేవాణ్ణమ్మా" అన్నాడు. ఆయన వెళ్ళాక మిగిలిన కాబ్లర్ మొత్తం నేనే తిన్నాను.

నవంబరులో పెద్ద ఆటలో జవారిస్ ఏం తిన్నాడో గానీ, ఎదుటి జట్టులో ముగ్గుర్ని ఒక్కడే నేలమీద పడుకోబెట్టాడు. దాంతో పెద్ద కాలేజీ కన్ను వాడి మీద పడింది. టీవీలో కనిపించే కాలేజీ, లక్షమంది కూర్చునే మైదానం. ఇక ఊళ్ళో ఎక్కడ చూసినా ఇదే గొడవ. సంతకం పెట్టేదాకా నోటిమాటకి కట్టుబడాలని ఏ రూలూ లేదు, అది అందరికీ తెలుసు. కట్టుబడాలా వద్దా అన్నదే పేచీ. పాస్టరుగారు రెండు ఆదివారాలు మాట మీదే ప్రసంగించారు. మంగలి షాపు లెమ్యుయెల్ మాత్రం కత్తెర ఆపి మరీ అన్నాడట: "మా అక్క కొడుక్కి కాలేజీవాళ్ళు చోటిస్తామని ఏడాది పాటు చెప్పి, సంతకాలకి వారం ముందు ఫోన్ చేసి లేదన్నారు. తాడు రెండు చివర్లా కట్టాలయ్యా. కుర్రాడి మెడకొక్కదానికే కడితే దాన్ని పలుపు అంటారు."

నాకు ఆ మాట ఎంత నచ్చిందో చెప్పలేను. జవారిస్ మాట తప్పితే వెస్ట్‌లో గోడలో చోటు ఖాళీ అవుతుంది. ఆ చోటుకి మార్కెల్ ఉన్నాడు. నేను లెమ్యుయెల్ మాటల్ని ఇల్లిల్లూ తిప్పాను. లువీనియా వసారాలోనే అన్నాను: "పిల్లాడి అదృష్టానికి అడ్డుపడకూడదు కదా, లువీనియా."

"మాటిచ్చాం ఓజెల్లా."

"మాటకంత విలువుంటే ఓటిస్ నాకిచ్చిన మాటేమైంది?"

ఆమె చిక్కుళ్ళు ఒలవడం ఆపలేదు. "అది ఓటిస్ ఇచ్చింది. నేనిచ్చింది కాదు" అంది.



జనవరిలో ఒక మంగళవారం నేను పెట్రోల్ బంకులో ఉండగా పెద్ద కాలేజీ గుర్తు ఉన్న కోటు వేసుకున్నాయన లోపలికొచ్చి, హాచర్ వాళ్ళిల్లెక్కడని కౌంటర్ దగ్గర ఉన్న ఫ్లాయిడ్‌ని అడిగాడు. ఫ్లాయిడ్ నోరు తెరిచేలోపే నేను చెప్పాను. నీలం తలుపు అన్నాను. అంతటితో ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. పెద్దావిడకి మీరు గిట్టరనీ, బుధవారం సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఆమె ప్రార్థన కూటంలో ఉంటుందనీ, కుర్రాడు మాత్రం ఇంట్లోనే ఉంటాడనీ చెప్పాను. బుధవారం నాకు తలనొప్పి వచ్చింది. కూటానికి వెళ్ళలేదు. గిన్నెలు కడిగాను. నల్ల కారు ఆరుంబావుకి వచ్చి ఏడున్నరకి వెళ్ళింది.

గురువారం జవారిస్ ఫోన్లో అక్కడికే వెళ్తున్నానని పెద్ద కాలేజీ చొక్కా వేసుకున్న తన ఫోటో పెట్టాడు. మధ్యాహ్నానికి ఊరంతా చూసింది.

అరుపులు వినిపిస్తాయని కిటికీ రెక్క కాస్త తెరిచే ఉంచాను. అరుపులేం లేవు. వసారాలో మనవడూ నాయనమ్మా ఎదురెదురుగా నిలబడ్డారు. జవారిస్ అన్నాడు: "మామ్మా, మాటిచ్చింది నువ్వు. నేను తల కూడా ఊపలేదు."

లువీనియా కుర్చీలో కూర్చుంది. "ఊపలేదు. నిజమే" అంది. వాణ్ణి లోపలికెళ్ళి అన్నం తినమంది.

నేను పండగ చేసుకోవాల్సిన రోజు అది. కానీ వెస్ట్‌లో నుంచి మాకు ఫోన్ రాలేదు. ఆ రోజూ రాలేదు, మర్నాడూ రాలేదు. సోమవారం పొద్దున్నే లువీనియా మా తలుపు కొట్టి, వెస్ట్‌లో దాకా నీ కారులో తీసుకెళ్తావా అని అడిగింది. పెద్ద రోడ్డు మీద ఆమె బండి నడపదు. క్షమాపణ చెప్పడానికి వెళ్తోందని అర్థమైంది. ఆమె తల వంచుకోవడం నా జన్మలో చూడలేదు. పెట్రోలు కూడా నేనే పోయించుకున్నాను.

దారంతా ఆమె చర్చి బల్లల రంగు గురించి తప్ప ఏమీ మాట్లాడలేదు.

కోచ్ గది చిన్నది. ఆమె కూర్చోలేదు. "జూన్‌లో మీరు మా ఇంట్లో భోంచేశారు. మావాడు వస్తాడన్నాను. వాడు రావట్లేదు. వాణ్ణి అడక్కుండా చెప్పాను, తప్పు నాది. ఇది ఫోన్లో చెప్పే మాట కాదని వచ్చాను."

కోచ్ కళ్ళజోడు తీశాడు. "ఈ ఏడు నాకిలా చేసినవాళ్ళలో మీవాడు మూడోవాడమ్మా. ఇంత దూరం వచ్చి చెప్పింది మీరే."

"చోటుందని చెప్పి తర్వాత లేదని మీరెందరికి చెప్పారు?"

ఆయన బల్ల మీది కాగితాలు సర్దాడు. "ఇద్దరికి" అన్నాడు చివరికి.

"సరే. మీకిప్పుడు గోడలో ఒకడు తక్కువ. ఈమె మనవడు మార్కెల్ ఉన్నాడు. పదేళ్ళు నా చేత్తో అన్నం పెట్టాను. ఎప్పుడూ వరసలో ముందుకి దూరలేదు, ఎవర్నీ దూరనివ్వలేదు. నాకు ఆటేం తెలీదు. మీకు కావల్సింది అదే అనుకుంటున్నాను."

తల వంచుకుంటుందని వచ్చాను. ఈమె నా మనవడికి చోటు అడుగుతోంది, అదీ నేను అడగాలని ఏడు నెలలుగా కలలు కన్న మాటల కంటే బాగా.

కోచ్ నావైపు తిరిగాడు. "నిలబడతాడా అమ్మా? రేపు ఇంకెవరైనా పిలిస్తే పోడు కదా?"

నిలబడతాడు, నా మాట, అని నాలుక చివరిదాకా వచ్చింది. ఆ చోటు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. కానీ వసారాలో జవారిస్ అన్న మాట కిటికీ పక్కన నిలబడి విన్నది నేనే కదా.

"వాణ్ణి అడిగి చెప్తాను" అన్నాను.

కోచ్ మొదటిసారి నవ్వాడు. జూన్‌లో ఎవరైనా ఈ మాట అని ఉంటే బాగుండేదన్నాడు, ఆదివారం దాకా ఆగుతానన్నాడు. నేను వెంటనే లువీనియా మొహం చూశాను. ఒక్కసారైనా నేను గెలిచాను కదా, ఏమైనా కదులుతుందేమోనని. కదల్లేదు.

తిరిగొచ్చేటప్పుడు సగం దారిలో ఆమె అంది: "తలనొప్పి తగ్గిందా?"

నేను స్టీరింగు గట్టిగా పట్టుకున్నాను.

"నీలం తలుపు అని చెప్పావట. ఫ్లాయిడ్ గురువారమే చెప్పాడు."

గురువారం. అంటే కారెక్కేముందే తెలుసు. కోచ్ ముందు నా మనవడి పేరు చెప్పేటప్పుడూ తెలుసు.

"తెలిసి కూడా మార్కెల్ కోసం ఎందుకడిగావు?" అన్నాను.

"ఆయనకి ఒకణ్ణిస్తానన్నాను. ఇచ్చాను. నీకోసం కాదులే, కంగారుపడకు" అంది. కిటికీలోంచి పొలాలు చూస్తూ, "ఆ బుధవారం నేనే ఇంట్లో ఉండుంటే ఆ పెద్ద కాలేజీ ఆయన్ని గుమ్మం తొక్కనిచ్చేదాన్ని కాదు. జవారిస్ నోరు విప్పేవాడే కాదు" అని కూడా అంది. అది తిట్టో కాదో నాకు ఈ రోజుకీ తేలలేదు. క్షమించానంటే ఒక కేకు చేసిచ్చి రుణం తీర్చుకునేదాన్ని. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు మహాతల్లి.

మార్కెల్‌ని అడిగితే రెండు గిన్నెల అన్నం తిని, ఆలోచించి చెప్తానన్నాడు. ఐదు రోజులు నన్ను ముళ్ళ మీద కూర్చోబెట్టి, శనివారం తనే కోచ్‌కి ఫోన్ చేసి వస్తానన్నాడు.

ఫిబ్రవరి మొదటి బుధవారం బడి హాల్లో పొడుగు బల్ల వేశారు. ఒక చివర జవారిస్, ఒక చివర మార్కెల్. నేను ఇంట్లో ఉన్న పాత గోధుమరంగు టోపీయే పెట్టుకుని వెళ్ళాను. దిష్టి తగులుతుందని కొత్తది కొనలేదు. అందరూ కూర్చున్నాక లువీనియా వచ్చింది. పెద్ద కాలేజీకి పోతున్న కుర్రాడి నాయనమ్మ, తల మీద వెస్ట్‌లో ఆకుపచ్చ టోపీ, పక్కన ఈకలు ఊగుతూ. జవారిస్ మొహం చేతుల్లో దాచుకున్నాడు, భుజాలు నవ్వుతో అదురుతున్నాయి. లెమ్యుయెల్ ముందు వరసలోంచి, "మిస్ లువీనియా, రంగు తప్పారు" అన్నాడు.

"జూన్‌లో చెప్పాను, ఈ రోజు ఇదే పెట్టుకుంటానని" అంది. పెంచిన పెద్దదిక్కుగా జవారిస్ కాగితం మీద తనూ సంతకం పెట్టింది, కలం నాకిచ్చింది. నేను మార్కెల్ కాగితం మీద పెట్టాను.

మర్నాడు పేపర్లో ఫోటో పడింది. మార్కెల్ సంతకం పెడుతున్నాడు. వాడి వెనక మొత్తం ఆకుపచ్చ టోపీయే. కుడివైపు చివర నా మోచెయ్యి కొంచెం పడింది. కత్తిరించి ఫ్రిజ్‌కి అంటించాను. గిన్నెలు కడిగేటప్పుడు అది నా వీపు వెనక ఉంటుంది.