వెయ్యినూటపదహారు సార్లు బెస్ట్ బ్లౌజ్

టెక్సస్‌లో మా ఊరు ఇర్వింగ్‌లో తెలుగువాళ్ళు నలుగురు కలిసిన చోటల్లా ఈ కథ ఒకటి తిరుగుతూ ఉంటుంది. చర్చి హాల్లో భోజనాల ముందు పాస్టరు గారు ప్రార్థన చేస్తుంటే, వసుంధర తన ఫోన్ పెట్టి బ్లౌజులు అమ్మబోయిందనీ, పైగా చివర్లో తనే గట్టిగా "ఆమెన్" అందనీ. ఇందులో మూడు తప్పులున్నాయి. ఫోన్ నాది కాదు. నేను బ్లౌజులు అమ్మను, నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. ఆమెన్ అన్నది నేను కాదు. మిగతాది, అంటే ఒక మనిషి కష్టపడి నిలబెట్టుకున్న షాపును నిలువునా ముంచబోయిన భాగం మాత్రం, నేనే చేశాను. అది ఎవరూ సరిగ్గా చెప్పడం లేదు కాబట్టి నేనే చెబుతాను. నా తప్పు కూడా ఇంకొకరు తప్పుగా చెబితే నాకు నచ్చదు.

నాలుగేళ్ళ కిందటి మాట. కరుణ నా స్నేహితురాలు, భీమవరం వైపు అమ్మాయి. నలభై దాటాయి గానీ నాకంటే చిన్నది కాబట్టి అమ్మాయే. ఇండియన్ గ్రోసరీ షాపుల వరసలో చిట్టచివరి గది అద్దెకి తీసుకుని జాకెట్లు కుట్టేది. ఆ చేతిలో ఏముందో తెలియదు, ఆమె కుట్టిన జాకెట్టు వేసుకుని చెయ్యెత్తి పై అరలోంచి కందిపప్పు డబ్బా దించుకోవచ్చు. ఇది ఎంత పెద్ద సౌఖ్యమో చీర కట్టే ఆడవాళ్ళకి చెప్పక్కర్లేదు, కట్టని మగవాళ్ళకి చెప్పినా అర్థం కాదు.

అంత పనితనం ఉండీ షాపు వెలవెలబోతూ ఉండేది. ఎందుకంటే ఈ ఊళ్ళో ఎవరూ షాపును కళ్ళతో చూసి లోపలికి రారు. హైవే మీద డెబ్భై మైళ్ళ స్పీడులో పోతూ ఏం చూస్తారు? ఫోన్‌లో వెతుక్కుని వస్తారు. శారీ బ్లౌజ్ స్టిచింగ్ ఇర్వింగ్ అని కొడితే కరుణ వెబ్‌సైట్ రెండో పేజీలో, అట్టడుగున ఉండేది. రెండో పేజీ అంటే బస్టాండు వెనక గోడ లాంటిది. అక్కడ ఏం అంటించినా చదివే నాథుడు ఉండడు.

"ఆగస్టు ఆఖరుకి లీజు అయిపోద్దక్కా," అంది కరుణ ఒకరోజు, మెషిన్ తొక్కడం ఆపకుండా. "ఈలోపు ఆర్డర్లు పెరిగితే సరే. లేదంటే గది ఖాళీ చేసి, మళ్ళీ వేర్‌హౌస్‌లో పెట్టెలకి టేపు అంటించుకోవడమే."

"నేను చూసుకుంటాను," అన్నాను.

నా జీవితంలో జరిగిన అనర్థాలన్నీ ఈ రెండు మాటలతోనే మొదలయ్యాయి.

మా ఆయన మూర్తి గారు సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నారు. ఆయన్ని అడగొచ్చు. కానీ అడిగితే ఆయన తెలిసినట్టు చెబుతారు, అది నాకు పడదు. అందుకని ఒక వీడియో చూశాను. అది ఎంత పాతదో చూసుకోలేదు. అందులో ఒకాయన, జనం ఏ మాట పెట్టి వెతుకుతారో ఆ మాట మీ పేజీలో ఎన్నిసార్లు ఉంటే మీరు అంత పైకి వెళ్తారు, అన్నాడు. ఇది మనకి తెలియని విద్యా? మా అమ్మమ్మ రామకోటి రాసిన మనిషి. ఎర్ర సిరా, గళ్ళ పుస్తకం, రోజూ స్నానం చేసి నూట ఎనిమిది. ఎం.ఏ. ఎకనామిక్స్ చదివిన మనవరాలికి ఒక సెర్చ్ ఇంజిన్ లొంగదా?

వెయ్యినూటపదహారు సార్లు రాస్తానని మొక్కుకున్నాను. రోజుకి నూట ఎనిమిది చొప్పున పది రోజులు, పదకొండో రోజు ముప్పై ఆరు. పొద్దున్నే స్నానం చేసి, కాఫీ కూడా తాగకుండా కూర్చుని, షాపు పేరు, ఫోన్ నంబరు తప్ప ఇంకేమీ లేని కరుణ వెబ్‌సైట్ అడుగున "బెస్ట్ బ్లౌజ్ స్టిచింగ్ ఇర్వింగ్" అని చేత్తో టైపు చేశాను. అవును, చేత్తోనే.

మూడో రోజు మా ఆయన వెనక నిలబడి చూశారు. "ఒకసారి కాపీ చేసి పేస్ట్ చేసుకోవచ్చుగా."

"రామకోటి ఎవరైనా జిరాక్స్ తీస్తారా?"

"అది దేవుడికి రాసేది, వసూ."

"ఇది మాత్రం? ఎవరు ముందు, ఎవరు వెనక అని పైన కూర్చుని తేల్చేది ఇదేగా. పిలిస్తే పలకదు. ఏది ఎందుకు చేసిందో చెప్పదు. అయినా అందరూ దాన్నే నమ్ముకుని బతుకుతున్నారు. దేవుడికి ఇంతకంటే ఏం ఉండాలి?"

ఆయన కాఫీ కప్పు తీసుకుని పక్క గదిలోకి వెళ్ళిపోయారు. నేను గెలిచాననుకున్నాను.

పదకొండో రోజు పూర్తి చేసి కరుణకి చూపించాను. ఆమె ఫోన్ మీద వేలితో పేజీని పైకి తోస్తూ, తోస్తూ, తోస్తూ పోయింది. వేలు నొప్పెట్టి ఆపింది.

"అక్కా, ఇదేంటి, అంతా ఒకటే మాట. చూసినోళ్ళు షాపులో ఎవరికో బాగోలేదనుకోరా?"

ఆ మాటలో న్యాయం ఉంది. ఒక్క నిమిషం ఆలోచించి అక్షరాలన్నిటికీ తెల్లరంగు పెట్టేశాను. తెల్ల పేజీ మీద తెల్ల అక్షరాలు. మనిషికి కనపడవు, కంప్యూటర్‌కి కనపడతాయి. నా తెలివికి నాకే దిష్టి తీసుకోవాలనిపించింది.

"ఇది మోసం కాదా అక్కా?"

"నువ్వు జాకెట్టుకి లోపల లైనింగ్ వేస్తావు. బయటికి కనపడుతుందా? అది మోసమా?"

కరుణ ఫోన్ పక్కన పెట్టేసింది. వాదనలో నన్ను గెలిచినవాళ్ళు లేరు. నాకున్న ఇబ్బందల్లా ఒకటే, వాదనలో గెలిచిన ప్రతిసారీ ఇంకెక్కడో ఓడిపోతూ ఉంటాను.

వారం తర్వాత "కరుణ బ్లౌజెస్" అని వెతికాను. అన్నిటికంటే పైన వచ్చింది. రవ్వలడ్లు చేసి ఇంట్లో పంచాను. మా ఆయన ఒకటి నోట్లో వేసుకుని, "పేరు పెట్టి పిలిస్తే ఎవరైనా పలుకుతారు. పేరు తెలియనివాళ్ళకి కదా కనపడాలి," అన్నారు. లడ్డు వెనక్కి లాక్కుందామనుకున్నాను గానీ అప్పటికే మింగేశారు.

పేరు లేకుండా వెతికాను. మొదటి పేజీలో లేదు. రెండో పేజీలో పాత చోటా లేదు. మూడు, నాలుగు, అయిదు. తొమ్మిదో పేజీలో కుక్కలకి స్వెట్టర్లు అల్లే ఒకావిడ ఉంది. కరుణ లేదు. ఒకే మాట అన్నిసార్లు దాచిపెడితే సెర్చ్ ఇంజిన్ దొంగ పేజీ అనుకుని కిందికి తోసేస్తుందట. నేను టైపు చేసిన ప్రతి మాటా ఆమె షాపు మీద ఒక్కొక్క పార మట్టి వేసినట్టయింది.

ఆమెకి చెప్పానా? చెప్పలేదు. "కొంచెం టైమ్ పడుతుందమ్మా, సెర్చ్ ఇంజిన్‌కి అరగాలిగా," అన్నాను. ఆ వారం షాపుకి రెండు ఆర్డర్లొచ్చాయి. అందులో ఒకటి నాదే.

ఇంతలో మదర్స్ డే వచ్చింది. కరుణ వెళ్ళే తెలుగు చర్చిలో తల్లులందరికీ భోజనాలు, నన్నూ రమ్మంది. హాల్లో నా పక్కన అన్నమ్మ గారు కూర్చున్నారు. పెద్దావిడ, చూపు బాగా తగ్గింది. అందుకని ఫోన్‌లో ఏముంటే అది పైకి చదివి వినిపించేలా మనవరాలు సెట్ చేసి పెట్టింది.

"ఏమ్మా కరుణా," అన్నారావిడ. "మా మనవరాలి పెళ్ళి కుదిరింది. ఇరవై జాకెట్లు కుట్టించాలి. నీకేదో వెబ్‌సైటు ఉందంట కదా. అందులో ఏముందో కాస్త వింటాను."

ఇరవై జాకెట్లు. కరుణ మొహం వెలిగింది. నా మొహం ఇంకా ముందు వెలిగింది. ఆవిడ ఫోన్ తీసుకుని పేజీ తెరిచింది నేనే. ఫోన్ నాది కాదని చెప్పాను, వేలు నాది కాదని ఎప్పుడూ అనలేదు. ఆవిడకి వినపడాలని సౌండు మొత్తం పెంచింది కూడా ఆ వేలే.

సరిగ్గా అప్పుడే పాస్టరు గారు లేచి, "ప్రార్థన చేసుకుందాం," అన్నారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. హాలంతా నిశ్శబ్దం.

"ప్రభువా, ఈ తల్లులందరినీ..."

"బెస్ట్ బ్లౌజ్ స్టిచింగ్ ఇర్వింగ్," అంది ఫోన్, స్వచ్ఛమైన అమెరికన్ ఆడగొంతుతో.

"...దీవించమని, వారి చేతుల కష్టాన్ని..."

"బెస్ట్ బ్లౌజ్ స్టిచింగ్ ఇర్వింగ్. బెస్ట్ బ్లౌజ్ స్టిచింగ్ ఇర్వింగ్."

తెరని నొక్కాను. ఆ సెట్టింగులో ఫోన్ మన మామూలు నొక్కుడికి లొంగదట. ఏ బటన్ మీద వేలు పెట్టానో దాని పేరు మర్యాదగా చదివి, మళ్ళీ మొదలుపెట్టింది.

"ఆంటీ, దీన్ని ఆపడం ఎలా?" అన్నాను చెవిలో.

"మా మనవరాలికి తెలుసమ్మా."

"మనవరాలెక్కడ?"

"హ్యూస్టన్‌లో."

ఫోన్‌ని పమిట కింద దాచాను. హ్యాండ్‌బ్యాగులో కుక్కాను. చివరికి దాని మీద కూర్చున్నాను. కూర్చుంటే ఇంకా ఘోరం, మాట నాలోంచి వస్తున్నట్టు వినపడింది. పాస్టరు గారు ప్రార్థన ఆపి, కళ్ళు తెరవకుండా ఓపిగ్గా నిలబడ్డారు. ముప్పై, నలభై సార్లు అయ్యుంటుంది. ఇంకా వెయ్యికి పైగా మిగిలి ఉన్నాయని ఆ హాల్లో నాకొక్కదానికే తెలుసు. కరుణ వచ్చి, నా కిందనుంచి ఫోన్ లాగి, పక్క బటన్లు పట్టుకుని పూర్తిగా ఆపేసింది.

వెనక వరసల్లోంచి ఒక మగగొంతు, తాపీగా: "ఆమెన్."

హాలు హాలంతా నవ్వింది. పాస్టరు గారూ నవ్వారు. కరుణ నవ్వలేదు.

"అది మీరు తెల్లరంగు వేసిందే కదక్కా."

"అదే."

"ఇప్పుడు ఎన్నో పేజీలో ఉన్నాం?"

"తొమ్మిది పేజీల వరకు చూశాను. లేం."

ఆమె లేచి వెళ్ళి వడ్డించుకొచ్చింది. "ముందు తినండి, చల్లారిపోద్ది," అని విస్తరి నా ముందు పెట్టింది. తిట్టి ఉంటే ఎదురు వాదించేదాన్ని. అన్నం పెడితే ఏం వాదిస్తాం?

అప్పుడు అన్నమ్మ గారు అన్నారు. "అమ్మా, అది అంతసేపు చెప్పింది గానీ, షాపు ఎన్నింటికి తీస్తారో చెప్పలేదు. కొలతకి ఆది జాకెట్టు పోస్టులో పంపితే కుడతారో లేదో చెప్పలేదు. అన్నిసార్లు బెస్టు బెస్టు అనేసరికి నాకు అనుమానం కూడా వచ్చింది."

ముప్పై ఏళ్ళ వాదనల్లో మొదటిసారి, "మీరన్నదే నిజం ఆంటీ," అన్నాను.

మర్నాడే ఆ మాటలన్నీ చెరిపేశాను. పదకొండు రోజుల తపస్సు పోవడానికి ఒక్క క్షణం పట్టింది. తర్వాత కరుణ మెషిన్ పక్కన స్టూలు వేసుకుని, నోట్‌బుక్ పట్టుకుని రెండు వారాలు కూర్చున్నాను. ఫోన్ చేసిన ఆడవాళ్ళు ఏం అడిగారో, కరుణ ఏం చెప్పిందో, అలాగే రాసుకున్నాను.

"పెళ్ళి వచ్చే శనివారం, అవుతుందాండీ?"

"మగ్గం పని లేకపోతే అవుద్ది. ఉంటే ఇప్పుడే కాదని చెప్పేస్తాను, తర్వాత ఏడిపించను."

"కొంచెం లావైతే ఎలా?"

"అవుతారని తెలిసే లోపల రెండు వేళ్ళ గుడ్డ వదుల్తాను."

అన్నీ పేజీలో పెట్టాను. ఒక్కొక్కటి ఒక్కసారే. ఇక ఏం చెయ్యాలని మా ఆయన్ని అడిగాను. ఆయన క్యాలెండరులో ఆ తేదీకి సున్నా చుట్టి, "ఇక ఎదురుచూడాలి," అన్నారు. అది తెలిసినట్టే చెప్పారు. భరించాను.

జూన్‌లో అయిదో పేజీలో కనపడ్డాం. జులైలో రెండో పేజీలో పాత చోటికి వచ్చాం. ఆగస్టు మొదటి వారంలో మొదటి పేజీ, పైనుంచి నాలుగోది. ఒకటోది కాదు, నాలుగోది. కానీ ఫోన్ మోగుతూనే ఉంది. ప్లేనో నుంచి, ఫ్రిస్కో నుంచి, ఒకావిడ ఏకంగా ఓక్లహోమా నుంచి ఆది జాకెట్టు పోస్టులో పంపింది. అన్నమ్మ గారి ఇరవై జాకెట్లు ఇరవై ఆరయ్యాయి. ఆగస్టు ఆఖరున కరుణ ఇంకో రెండేళ్ళకి లీజు మీద సంతకం పెట్టింది. ఇప్పుడు పక్క గది కూడా ఆమెదే.

ఆ సంతకం రోజు నాకో జాకెట్టు కుట్టి ఇచ్చింది. వేసుకుని చెయ్యెత్తి చూశాను, కందిపప్పు డబ్బా సులువుగా అందింది. విప్పాక లోపల ఏదో గరుగ్గా తగిలింది. తెల్ల లైనింగ్ మీద తెల్ల దారంతో, వెలుతురుకి ఎత్తి పట్టుకుంటేనే కనపడేలా కుట్టి ఉంది: బెస్ట్ బ్లౌజ్ స్టిచింగ్ ఇర్వింగ్. ఫోన్ చేశాను.

"బయటికి కనపడదుగా అక్కా," అంది. "మోసమేం కాదు."

కాబట్టి అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఏ మాటా రెండోసారి చెప్పను. ఇక మీదట ఏ మాటా రెండోసారి చెప్పను. మా ఆయన అటు తిరిగి నవ్వుతున్నారు, నవ్వనివ్వండి. ఆ ఆమెన్ తనది కాదని, ఆ రోజు చర్చికి తను రానేలేదని, నన్ను గుమ్మం దగ్గర దింపి వెళ్ళిపోయానని ఈయన నాలుగేళ్ళుగా అంటున్నారు. నేను నమ్ముతున్నాను. నమ్మానంటే వాదించడం లేదని కాదు. మరి ఆ హాల్లో గోంగూర పచ్చడిలో ఉప్పు ఎక్కువైందని ఆ సాయంత్రం నేను చెప్పకుండానే ఈయనకి ఎలా తెలిసింది?