అత్తయ్య వాళ్ళ హాల్లో టికెట్ డిబేట్

పెద్దవాళ్ళు ఒక మాట అంటే దానికి పైకి వినిపించే అర్థం ఒక్కటే ఉంటుందని నమ్మిన రోజులు నాకూ ఉన్నాయి. డిగ్రీ అయ్యాక ఏలూరులో ఆరు నెలలు కంప్యూటరు నేర్చుకుని, తాడేపల్లిగూడెంలో ఒక లోకల్ కేబుల్ చానల్లో చేరిన రోజులవి. చానల్ అనగానే మరీ ఊహించేసుకోకండి. ఉల్లిపాయల మార్కెట్టుకి రెండు వీధుల అవతల, మేడ మీద మూడు గదులు. ఒకదాంట్లో కెమెరా, ఒకదాంట్లో కంప్యూటరు, మూడోదాంట్లో ఎండీ గారు. ఓనరూ ఆయనే, వార్తలు చదివేదీ ఆయనే, కరెంటు పోతే కిందకి దిగి జనరేటరు తాడు లాగేదీ ఆయనే. (లాగే ముందు కోటు విప్పి నా చేతికిచ్చేవారు. ఆ ఉద్యోగంలో నాకు స్పష్టంగా తెలిసిన బాధ్యత అదొక్కటే.) మూడు నెలలు చూసి, పనికొస్తే ఉంచుకుంటామన్నారు. అప్పటికి రెండు నెలల పైన గడిచాయి గానీ, పనికొస్తున్నానో లేదో ఆయన మొహం చూస్తే అంతుపట్టేది కాదు.

ఆ ఏడు జిల్లా పరిషత్ ఎన్నికలు దగ్గర పడ్డాయి. కొల్లేటి వైపు ఒక మండలంలో ఒకే పార్టీ టికెట్టుకి ఇద్దరు గట్టిగా పట్టుబట్టారు. ఒకాయన రిటైరైన హెడ్మాస్టారు. అందరూ మాస్టారనే పిలిచేవారు. రెండో ఆయనకి చేపల చెరువులున్నాయి; ఆయన్ని చెరువుల బాబుగారు అనేవారు. ఎవరికివ్వాలో తేలక పార్టీ పెద్దలు తల పట్టుకుంటే మా ఎండీ గారికి ఒక ఆలోచన వచ్చింది. "అమెరికాలో ఇలాగే చేస్తారటండీ! ఒకే పార్టీ వాళ్ళు ముందు టీవీలో వాదించుకుంటారు. జనం చూసి ఎవరు బాగున్నారంటే వాళ్ళకే టికెట్టు" అని ఏలూరులో పార్టీ ఆఫీసుకి వెళ్ళి మరీ చెప్పొచ్చారు. పెద్దలు ఏ కళనున్నారో, సరేనన్నారు. ఆదివారం పొద్దున్న మా స్టూడియోలో డిబేట్. చూసినవాళ్ళు ఏమన్నారో రాసిన రిపోర్టు సోమవారం సాయంత్రానికల్లా పార్టీ ఆఫీసుకి చేరాలి.

"మీ మేనత్త గారిది ఆ మండలమే కదండీ. వాళ్ళింట్లో పదిమందితో కూర్చుని చూడండి" అని ఆ రిపోర్టు పని నాకప్పగించారు. శనివారం నేను బయల్దేరుతుంటే మెట్ల దాకా వచ్చి, గొంతు తగ్గించి, "అమ్మాయిగారూ, చెరువుల బాబుగారు మనకి కావలసిన మనిషండీ. కాస్త చూసి రాయండి" అన్నారు. "అలాగేనండీ, బాగా చూసి రాస్తాను" అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. నాదీ వెలిగింది. ఇద్దరం వేరే వేరే సంగతులకి వెలిగామని అప్పుడు తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే ముసురు. పదిమంది అనుకుంటే వానకి నలుగురే పోగయ్యారు: మామయ్య, ఒళ్ళో గోంగూర కట్టలు పెట్టుకుని అత్తయ్య, పక్కింటి వాళ్ళ కోడలు, ఎదురింటి మామ్మగారు. ఈ మామ్మగారికి చెవులు బొత్తిగా వినపడవు. పిల్లలు మిషను పెట్టిస్తే గీమంటోందని తీసి మందుల డబ్బాలో పడేశారు. అయినా రోజూ వచ్చి టీవీ చూసేవారు. రెండు నిమిషాలకోసారి "ఏవంటున్నాడే?" అని అత్తయ్యని అడిగేవారు, అత్తయ్య "తరవాత చెబుతానండీ" అని అరిచేది, ఆ తరవాత అనేది ఎప్పుడూ వచ్చేది కాదు.

డిబేట్ మొదలైంది. మధ్యలో కోటు వేసుకుని ఎండీ గారు, ఇటు మాస్టారు, అటు బాబుగారు. నా ఒళ్ళో ఫారం. ప్రతి ప్రశ్నకీ ఒప్పుకున్నారు, ఒప్పుకోలేదు, చెప్పలేము అని మూడు గళ్ళు. మొదటి ప్రశ్న రోడ్ల గురించి. మాస్టారు చెప్పడం అవ్వగానే, "అత్తయ్యా, ఆయన చెప్పింది ఒప్పుకుంటారా?" అనడిగాను.

"ఒప్పుకోక ఏం చేస్తానే, ఆ వయసాయన అంత ఆయాసపడి చెబుతుంటే? ఒక్కరైనా మంచినీళ్ళిచ్చారా చూడు!"

"నేనొప్పుకోను" అన్నాడు మామయ్య. "ఆరో తరగతిలో నాకు లెక్కలు చెప్పాడాయన."

"రోడ్లకీ లెక్కలకీ ఏంటండీ మామయ్యా?"

"నీకు తెలీదులేమ్మా. ఆ చెయ్యి ఎలా పడుతుందో నాకు తెలుసు" అని వీపు సర్దుకున్నాడు.

పక్కింటి కోడలు టీవీలో వాళ్ళు కూర్చున్న సోఫా తన పెళ్ళి రిసెప్షన్లో వేసిందేనని కనిపెట్టి, అది తప్ప ఇంకేమీ చూడలేదు. వీటికి ఏ గడిలో టిక్కు పెట్టాలో నాకర్థం కాక, కాగితం వెనక్కి తిప్పి అందరి మాటలూ ఉన్నవున్నట్టు రాయడం మొదలుపెట్టాను. చూసి రాయమన్నారుగా మరి.

ఇంతలో సౌండు పోయింది. బొమ్మ ఉంది, మాట లేదు. మామయ్య టీవీ నెత్తిన రెండు దెబ్బలు వేసి (ఆరో తరగతి ప్రభావం కావచ్చు), కేబులాయనకి ఫోన్ చేస్తే, "వానకండీ, ఎక్కడో లైను తడిసిందండీ" అన్నాడు. మాటలే లేని డిబేట్ మీద రిపోర్టేం రాయను? హాల్లో ఎవరికీ ఏమీ తోచక మొహమొహాలు చూసుకుంటుంటే, మామ్మగారు అందర్నీ ఓసారి కలయజూసి, "ఏవే, ఎవరూ మాట్లాడరేం?" అన్నారు. అత్తయ్య తన చెవి పట్టుకుని, టీవీ చూపించి, మాట రావట్లేదన్నట్టు చెయ్యి తిప్పింది. మామ్మగారి మొహంలో మెల్లగా నవ్వు విచ్చుకుంది.

"ఓస్, అంతేనా? ఉండండి, నేను చెబుతాను" అని కుర్చీ ముందుకి జరుపుకున్నారు.

ఆ తరవాత అరగంటసేపు నేను పెన్ను ఆపకుండా రాశాను. గోడ గడియారం చూసి ప్రతి మాట పక్కనా టైము కూడా వేశాను. "అదుగో, మాస్టార్ని తెలియని సంగతేదో అడిగారు. తడుముకుంటున్నాడు... ఊఁ, తెలియదని చెప్పేశాడు. మెడ ఎంత తేలికపడిందో చూడండి." ఇంకో నిమిషానికి, "ఇప్పుడు ఈయన్నీ అదే అడిగారు. ఈయనకీ తెలీదు. కానీ చెప్పేస్తున్నాడు. తెలీనప్పుడు మనిషికి చేతులు ఎక్కువవుతాయే." మా ఎండీ గారినీ వదల్లేదు. "ఆ మధ్యాయన అడగడమే గాని జవాబు వినట్లేదు. పక్కన ఎక్కడో అద్దముంది, దాంట్లో జుట్టు చూసుకుంటున్నాడు." అదీ రాసుకున్నాను. (అద్దం ఉన్న మాట నిజమే. కెమెరా పక్కన మేకు కొట్టి తగిలించింది నేనే.)

చివర్లో బాబుగారి వంక చాలాసేపు చూసి, "ఈయన మనసు ఇక్కడ లేదే. మాటిమాటికీ కిటికీలోంచి మబ్బు చూస్తున్నాడు. ఎవరు కూర్చోబెట్టారో పాపం, లేచి ఇంటికి పొమ్మనండి" అన్నారు. దానికి మామయ్య, "మరి ముసురు పడితే చెరువులో గాలి తగ్గి చేప పైకి తేలిపోతుంది. గట్టు మీద ఉండాల్సిన మనిషి" అన్నాడు. మామ్మగారికి ఆ మాట వినపడలేదు. అయినా తల ఊపారు.

సోమవారం పొద్దున్నే అందరికంటే ముందు ఆఫీసుకెళ్ళి, రికార్డింగు పెట్టుకుని, నా కాగితాల మీద టైముతో సరిచూశాను. అలా చూడమని ఎవరూ చెప్పలేదు; తెలుసుకోకపోతే నాకు అన్నం సహించేలా లేదు. పదకొండూ నాలుగు నిమిషాలకి ఎండీ గారు అడిగిన ప్రశ్న, పెద్ద డ్రైనుకి అడ్డం పడుతున్న గుర్రపు డెక్క తీయించే పని ఏ శాఖదని. మాస్టారు తడుముకుని, "నాకు తెలియదండీ, కనుక్కుని చెబుతాను" అన్నారు. బాబుగారు రెండు చేతులూ గాల్లో తిప్పుతూ చెప్పినదాంట్లో నాలుగు శాఖల పేర్లున్నాయి గాని జవాబు లేదు. అంతా మామ్మగారు చెప్పినట్టే ఉంది. ఒక్కచోట మాత్రం మామ్మగారు తప్పారు. ఎండీ గారు ఎవరి పెళ్ళికో పిలుస్తున్నారని చెప్పారు. అది ఆయన మధ్యలో చదివిన ఒక బట్టల షాపు ప్రకటన.

ఎండీ గారు వచ్చి నాలుగు కాగితాలూ చదివారు. చదువుతున్నకొద్దీ కోటు కాలరు వదులు చేసుకున్నారు.

"అమ్మాయిగారూ, నేను చూసి రాయమన్నానండీ."

"చూసే రాశానండీ. టైము కూడా వేశాను."

"అద్దంలో జుట్టు చూసుకోవడం ఏంటండీ ఇది?"

"మామ్మగారు అన్నారండీ."

ఆయన ఒక కొత్త ఫారం తీసి నా ముందు పెట్టి, బాబుగారి పేరు కింద టిక్కులు పెట్టమని, లేకపోతే నా మూడు నెలలూ ఇవాళ్టితో అయిపోయాయనుకోమని, చాలా మర్యాదగా చెప్పారు. అప్పుడు అర్థమైంది నాకు, చూసి రాయడమంటే ఏమిటో. నేను ఎదురుతిరిగానని రాసుకోవాలని ఎంతో ఉంది. కానీ నిజం చెప్పొద్దూ, పెన్ను తీసి రెండు టిక్కులు పెట్టేశాను కూడా. మూడోది పెడుతుండగా బాబుగారు స్వయంగా మెట్లెక్కి వచ్చారు, తన డిబేట్ తనే చూసుకుందామని. ఎండీ గారు లేచి కుర్చీ వేసేలోపు బల్ల మీద కాగితాలు ఆయన చేతిలోకి వెళ్ళిపోయాయి.

నిలబడే చదివారు. మూడో కాగితం దగ్గర ఆగి మళ్ళీ చదివారు. అప్పుడు కూర్చున్నారు.

"ఎవరండీ ఈ మామ్మగారు?"

"మా అత్తయ్య వాళ్ళ ఎదురింటావిడండీ" అన్నాను. "ఆవిడకి... చెవులు వినపడవండీ."

ఆయన నవ్వడం మొదలుపెట్టారు. నవ్వి నవ్వి, ఆగి, కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. "నిన్న రెండు చెరువుల్లో చేప తేలిపోయిందండీ. ఏడాది పెంచిన చేప. నేనిక్కడ సోఫాలో కూర్చుని జిల్లా అభివృద్ధి గురించి చెబుతున్నాను. మా బావమరిది నిలబడమన్నాడు, పార్టీ వాళ్ళు నిలబడమన్నారు. నీకిష్టమేనా అని ఒక్కరూ అడగలేదండీ. ఈవిడ అడక్కుండానే కనిపెట్టేసింది." అక్కడే కూర్చుని ఏలూరుకి ఫోన్ చేసి తప్పుకుంటున్నానని చెప్పేశారు. వెళ్తూ, "ఇది ఇలాగే పంపండి, ఒక్క అక్షరం మార్చకండి. ఆ అమ్మాయిగారిని ఏమీ అనకండి" అన్నారు. ఎండీ గారు ఆయన మాట కాదనలేదు. ఒక్క అద్దం వాక్యం మాత్రం నల్లపెన్నుతో కొట్టేసి పంపారు.

టికెట్టు మాస్టారికి వచ్చింది. ఎన్నికల్లో మాత్రం ఓడిపోయారు. అవతలి పార్టీ ఆయన ఏ ప్రశ్నకీ తెలియదనేవారు కాదు. నా ఉద్యోగం నిలబడింది గాని, రెండేళ్ళకి చానలే నిలబడలేదు. ఇప్పుడు ఏలూరులో ఒక ఆఫీసులో ఫైళ్ళు చూస్తున్నాను. కాస్త చూసి రాయండి అని ఎవరన్నా అంటే, దేన్ని చూసి అనడుగుతాను.

డిబేట్ తరవాతి ఆదివారం బాబుగారు ఒక పెద్ద కొరమీను పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని మామ్మగారిని చూడ్డానికి వచ్చారు. అరుగు మీద ఆవిడకెదురుగా కూర్చుని, వినపడదని తెలిసీ, టికెట్టు వదులుకున్న సంగతంతా పావుగంట చెప్పారు. చేతులు మాత్రం ఒళ్ళోనే ఉన్నాయి. ఆవిడ ఆయన మొహం చూస్తూ అంతా విని (వినడమనే అంటాను), "ఈ వారం బాగా నిద్రపట్టింది కదా నాయనా" అన్నారు. ఆయన లేచి దణ్ణం పెట్టారు.

తిరిగొచ్చేటప్పుడు కారులో, గట్టు దిగి రోడ్డెక్కాక, "ఇంతకీ మామ్మగారి పేరేంటండీ?" అనడిగారు. నేను వెంటనే నోరు తెరిచాను. చిన్నప్పట్నించీ సెలవులకి వెళ్ళినప్పుడల్లా ఆవిడ చేతి జంతికలు తిన్నాను. ఆవిడ ఏం చూస్తారో, ఎలా చూస్తారో గడియారం పెట్టుకుని నాలుగు కాగితాలు రాశాను. వినపడడం ఎప్పుడు ఆగిపోయిందో అడగలేదు. వినపడ్డప్పుడు ఏం వినేవారో అడగలేదు. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. బాబుగారు పక్కకి తిరిగి నా మొహం ఓసారి చూసి, "సరేలెండి, తెలిసింది" అన్నారు.