తొట్లెలో పిలిచిన మిడత పేరు

మా మనవరాలు మిడతల మీద చదువుతుంది. దక్షిణ అమెరికా అడవుల్లో పట్టి, సూది గుచ్చి ఎండబెట్టినవి ఆమె పనిచేసే చోటికి పెట్టెల్లో వస్తాయి. ఒంటికంటే పొడుగు మీసాలు, ఆకుల్లాంటి రెక్కలు. వాటిలో ఒక రకాన్ని ఇంతకుముందు ఎవరూ చూడలేదని తేల్చి, తన తల్లి పేరు పెట్టింది. ఆ తల్లి నా బిడ్డ. ఈ పిల్లకు పాలపళ్ళు ఊడకముందే పోయింది. ముసలితనంలో నాకు అక్షరాలు దిద్దించింది ఈ పిల్లే. నేను మొదట రాసిన మాట కూడా ఆ పేరే.

సంగతి విని నేను ఊరుకోలేదు. ముంబయి కామాటిపురలో మా చాల్ ఆడవాళ్ళం పసిబిడ్డకు పేరు పెట్టాలంటే తొట్లె కట్టి, చుట్టూ చేరి, చెవిలో పేరు పిలుస్తాం. ఒకసారి పిలిచాక మార్చం. మిడత ఫొటోను పాత చీర తొట్లెలో పడుకోబెట్టి, వంగి ఆ పేరు పిలిచాను.

"పిల్లకు పెండ్లి చెయ్యమంటే పురుగుకు పురుడు చేస్తున్నవా అక్కా," అంది పక్క ఖోలీలో ఉండే ఆమె. అన్నా, తొట్లె ఊపి శనగ గుడాలు తినే పోయింది.

తరువాత ఏదో దేశపు మ్యూజియం నుంచి మనవరాలికి ఫొటోలు వచ్చాయి. ఎప్పుడో ఒక దొర పట్టి పేరు పెట్టిన మిడత. రంగు పోయింది, ఒక కాలు లేదు. మగదాని తోక దగ్గర చిన్న కొక్కెం ఉంటుందట, దాన్నిబట్టే జాతి తెలుస్తుందట. రెండింటి కొక్కేలూ పక్కపక్కన పెట్టి చూపించింది. నా చత్వారపు కళ్ళకు కూడా ఒకటేనని తెలిసిపోయింది.

అలాంటప్పుడు ముందు పెట్టిన పేరే నిలవాలట. నా బిడ్డ పేరు దాని కింద, చెల్లని పేరుగా ఉంటుందట. ఆ మాట రాయాల్సింది కూడా తనే.

రాయకు, ఎవరు చూస్తారు అన్నాను. తను రాయకపోతే ఇంకొకరు రాస్తారంది. గల్లీలో తగాదా అయితే గడప ముందు నిలబడి అడుగుతాను. ఇక్కడ ఎవరిని అడగాలి?

"ఆ దొర ఎప్పుడో సచ్చిండు కదనే. ఇప్పుడొచ్చి అడుగుతడా?"

"అడగడు అవ్వా. పురుగు అదే కద, క్యా కరూ."

ఆదివారం రాసి పంపింది. నేను పక్కనే కూర్చుని చూశాను. అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, నాకు రావు. పంపాక మూలన మడతపెట్టిన ఆ చీర వైపు చూసి అడిగింది.

"తొట్లెల పిలిచిన పేరు ఎట్ల తీస్తరు అవ్వా?"

ఈ చాల్‌లో సగం మంది పిల్లలకు పేరు పిలిచింది నేనే.

"తెల్వదు బిడ్డా. మనం ఎన్నడు తియ్యలే."