పక్కింటి ఫోనుకు వచ్చిన నా రోగం

తెలంగాణ కోసం బంద్‌లు నడుస్తున్న రోజులు. కోరుట్లల మా వాడకట్ట ఆడోళ్లమందరం ఒక్క అరుగు మీదనే కూసోని బీడీలు చేసెటోళ్లం. నెల రోజులైనా దగ్గు ఆగకపోతే జగిత్యాలల ఒక చిన్న దవాఖానకు పోయిన. డాక్టరు తెమడ పరీక్షకు పంపి, "బస్సులు సరిగ నడుస్తలేవు, మళ్ల రాకమ్మా. ఫోన్ నంబరు చెప్పు, మెసేజ్ పెడ్త" అన్నడు. నాకు ఫోనూ లేదు, సదువూ లేదు. అందరి లెక్కనే నేనూ పక్కింటి కోడలు నంబరు ఇచ్చిన.

మూడో రోజు ఆ పిల్ల ఫోన్ పట్టుకొని అరుగు కాడికి అచ్చింది. "అత్తా, నీ డాక్టరు మెసేజ్. లోపలికి రా, చెప్త" అన్నది.

"ఏం దాపరికమే? అందరు మనోళ్లే, గట్టిగ సదువు" అన్నది నేనే.

సదివింది. టీబీ.

ముందు ఒకామె బీడీల చాట సంకల వెట్టుకొని లేచింది. "పిల్లలున్నోళ్లం వదినా, ఏమనుకోకు" అన్నది. పొద్దుగూకేసరికి అరుగు మీద నేనొక్కదాన్నే మిగిలిన.

మందులకు పోయినప్పుడు, నా రోగం అందరికి తెలిసేటట్టు ఎందుకు పంపినవని డాక్టరును అడిగిన. "నీకే పంపిన గదమ్మా" అన్నడు. "నాకు కాదు సారూ, వాడకట్టకు పంపినవు" అన్న. తప్పు నాది గూడ ఉన్నది. గాని ఆ ఫోన్ ఎవరిదని ఆయన ఒక్కమాట అడుగలే.

ఆరు నెలలకు రోగం పోయింది. తగ్గిందని గూడ ఆ ఫోనుకే మెసేజ్ వచ్చిందట. దాన్ని ఎవ్వరూ సదివి వినిపియ్యలే. ఆ కోపంతోనే యాభై దాటినంక అక్షరాలు నేర్సుకున్న. ఇప్పుడు ఆ అరుగు మీదోళ్లే పిలుస్తరు, రా వదినా కూసో అని. నేను పోను.