పదో రోజు చెరిగిన గొంతు

ప్రభుత్వోద్యోగ విరమణ తర్వాత ఢిల్లీ పక్కనున్న ఇందిరాపురంలో స్థిరపడ్డాము. ఇల్లయినా, నా లినక్స్ ల్యాప్‌టాప్ అయినా చిందరవందరగా ఉంటే నేను సహించను. తాత్కాలిక ఫోల్డర్‌లో పది రోజులు నిండిన ఫైళ్లు వాటంతటవే చెరిగిపోయేలా నియమం పెట్టుకున్నాను.

గత శీతాకాలంలో, మరణానికి ముందురోజు, ఆసుపత్రిలో నా భార్య మాటలను ఆ ల్యాప్‌టాప్‌లోనే రికార్డు చేశాను.

"ఏమండీ, నా గొంతైనా దాచుకుంటారా, దాన్నీ ఊడ్చేస్తారా?" అని నవ్వింది.

"ముందు నిద్రపో" అన్నాను.

తీరికగా పేరు పెట్టి భద్రపరుద్దామని ఆ రికార్డును తాత్కాలిక ఫోల్డర్‌లో ఉంచాను. మైల రోజులన్నీ ల్యాప్‌టాప్‌ను ముట్టలేదు, ఆపనూ లేదు. పన్నెండో రోజు కర్మ ముగిశాక, ఆమె గొంతు వినాలని తెరిచాను. ఫోల్డర్ ఖాళీగా ఉంది.

"నాన్నా, బ్యాకప్ తో హోగా న?" అని హిందీలో అడిగింది మా అమ్మాయి, ఇంకో కాపీ ఉండే ఉంటుందన్న ఆశతో.

లేదు. చెరిగిన ఫైళ్ల జాబితాలో సమయం మాత్రం ఉంది. అది పదో రోజు ఉదయం, యమున ఒడ్డున ఆమెకు నేను నీళ్లు వదులుతున్న వేళ.

ఆ నియమాన్ని తొలగించాను. అయినా రోజూ ఆ వేళకు ల్యాప్‌టాప్ దీపం మిణుకుమంటే, ఆ నవ్వూ ఆ ప్రశ్నా వినిపిస్తాయి. ఆనాడు నేను ఇవ్వని జవాబును, నేను పెట్టిన నియమమే ఆమెకు ఇచ్చేసింది.