నాయన కారు, నేను బిగించిన నట్టు

ఒక్క నట్టుతో మనిషి ఎంత కొంప ముంచగలడో తెలియాలంటే మా ఆళ్లగడ్డకు రండి. మా వీధిలో ఎవర్నడిగినా నా కథ చెబుతారు. వాళ్ళు లేనివి నాలుగు కలిపి చెబుతారు కాబట్టి, ఉన్నది నా నోటి నుంచే వినండి.

మా నాయన మోకాళ్ళు చూసిన నంద్యాల డాక్టరు ఇక కారు తోలొద్దన్నాడు. మా కిరాణా అంగడి సరుకునూ మా బాల్యాన్నీ కలిపి మోసిన పాత కారు అది. కొన్నాళ్ళు నాయన ఒప్పుకోలేదు. చివరికి నంద్యాలలో మెకానిక్ షెడ్డున్న ఖాజా భాయ్‌కి బండి ఇచ్చేస్తానని మాటిచ్చి, ఫోన్లోనే ఒక షరతు పెట్టాడు.

"ఆదివారం సాయంత్రం ఆడికి నేనే తోలుకొనొస్తా. మీ వదినెను పక్కన కూర్చోబెట్టుకొని వస్తా. ఈ ఒక్కసారికి నా మోకాళ్ళు ఏమీ అనవులే."

ఆదివారం అమ్మ పెట్టె అడుగునున్న పట్టుచీర తీసి మంచం మీద పెట్టుకుంది. నాయన పొద్దున్నే బండి కడిగి, చక్రాల కిందికి నిమ్మకాయలు తెచ్చి, అన్నం తిని పడుకున్నాడు.

అంతా సక్రమంగా ఉంటే మధ్యలో నువ్వెందుకు దూరావయ్యా అంటారు. నేనూ నన్ను అదే అడుగుతుంటాను. గుంత వచ్చినప్పుడల్లా ఆ బండి ముందు చక్రం దగ్గర టకటకమనేది. షాక్ అబ్జార్బరు పోయింది. "అది నేను చూసుకుంటాలేప్పా, అట్లే తెచ్చియ్యి" అని ఖాజా భాయ్ చెప్పనే చెప్పాడు. కానీ నాయన చివరిసారి తోలేటప్పుడు ఆ చప్పుడు ఉండకూడదని నాకు బుద్ధి పుట్టింది. ఫోన్లో ఒక వీడియో చూశాను. అందులో ఒకాయన శనక్కాయలు ఒలిచినంత సులువుగా దాన్ని ఊడదీశాడు. నేనూ కొత్తది తెచ్చి, జాకీ పెట్టి, చక్రం తీసి, కింద దూరాను.

షాకును పట్టుకున్న బోల్టు తల నా వైపు, నట్టు అవతలి వైపు ఉన్నాయి. చెయ్యి చుట్టూ తిప్పి నట్టుకు స్పానర్ వేశాను. ఊహూఁ. నూనె పోశాను. స్పానర్‌కు ఇనుప పైపు తొడిగి వేలాడాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు స్పానర్‌ను తిట్టాను కూడా.

మా పక్కిల్లు విగ్రహాలు చెక్కే మద్దిలేటన్నది. శిల్పుల ఊరు కదా, ఏ వస్తువు మొండికేసినా మా ఊళ్ళో ముందు ఉలి గుర్తొస్తుంది. అది మా ఊరి జబ్బు.

"ఏందప్పా శీనూ, కారు కింద నిద్రపోతాండావా?" అంటూ అన్న వచ్చాడు.

"నట్టు రాకుండా ఉందన్నా."

"నల్లరాయే నా మాట వింటాది, ఇదెంత. ఎటు తిప్పాల?"

"ఎడమకన్నా. ఏదైనా విప్పాలంటే ఎడమకే కదా."

"ఆమాత్రం నాకూ తెలుసులే."

ఇద్దరం పైపు పట్టుకుని లాగాం. స్పానర్ జారి, మూలలన్నీ అరిగి నట్టు గుండ్రంగా లడ్డూలా అయింది. అప్పుడు అన్న ఉలి తెచ్చి నట్టు అంచుకు ఆనించి సుత్తితో కొట్టాడు. కీచుమంటూ నట్టు కొంచెం కదిలింది.

"వస్తాంది శీనూ."

"వస్తాందన్నా, ఇంకా కొట్టు."

టీ తెచ్చిన అమ్మ కాసేపు వంగి చూసింది.

"ఏంరా, నట్టు మొహం ఆ పక్కకుంది. ఈ పక్కనుంచి చూసి ఎడమకంటాండావ్. ఆ పక్కకు పోయి చూస్తే అది కుడి కాదా?"

అంతసేపూ మేం దాన్ని బిగిస్తున్నాం.

మద్దిలేటన్నకు రోషం వచ్చింది. ఉలి ఇటు తిప్పి, బలమంతా పెట్టి ఒక్క దెబ్బ వేశాడు. టప్‌మని బోల్టు తల విరిగి నా గుండెల మీద పడింది. మిగతా సగం నట్టుతో సహా లోపలే ఉండిపోయింది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. మాకు కోతి కూడా కాలేదు.

చప్పుడుకు నాయన లేచొచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకుని, తాళంచెవి చేతిలో పట్టుకుని ఉన్నాడు.

"బండి పోదా?"

"పోదు నాయనా. రేపు ఎవర్నన్నా పిలిపిస్తా."

"మాటిచ్చినా. ఖాజా ఆడ కాసుకోనుంటాడు."

తిడతాడనుకున్నాను. తాళంచెవి జేబులో వేసుకుని అరుగు మీద కూర్చున్నాడు. తిట్టుంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

మద్దిలేటన్న వెళ్ళి, విగ్రహాలు తోలే ట్రాక్టరూ ట్రాలీ తెచ్చాడు. ఊడదీసిన చక్రం మళ్ళీ తగిలించి, వీధి వీధంతా పట్టి పలకల మీదుగా కారును ట్రాలీలోకి ఎక్కించి గొలుసులతో కట్టాం. నాయన లేచాడు.

"నా సీట్లో నేనే కూర్చుంటా."

అమ్మ పట్టుచీర కట్టుకుని పక్కన ఎక్కింది. ఎక్కే ముందు నిమ్మకాయలు ట్రాక్టరు చక్రాల కింద పెట్టింది.

మా దారిలో ఆ ట్రాలీ వస్తోందంటే ఏదో ఊరికి దేవుడు పోతున్నాడని లెక్క. శిరివెళ్ళ దగ్గర ఒక అవ్వ అలవాటుగా చేతులు జోడించింది. తలెత్తి చూస్తే కారులో మా నాయన.

"యా దేవుడు నాయనా?" అంది.

"కారు దేవుడవ్వా" అన్నాడు మద్దిలేటన్న.

అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చుని వెనక్కి చూస్తున్నాను. మలుపు వచ్చినప్పుడల్లా నాయన స్టీరింగు తిప్పుతున్నాడు. నాకు నవ్వు రాలేదు.

నంద్యాలలో ఖాజా భాయ్ టార్చి వేసి చూశాడు. "ఎవరప్పా ఈ నట్టు బిగించింది? కంపెనీలో గూడా ఇంత గట్టిగా బిగియ్యరే."

"మావోడే" అన్నాడు నాయన, తాళంచెవి ఆయన చేతిలో పెడుతూ. "పుట్టినప్పట్నుంచీ ఒక్క పనీ గట్టిగా చేయలేదని తిడతాంటి. ఇదొకటి చేసినాడు."

ఇప్పుడు నాయన నా కారులో పక్క సీట్లో కూర్చుంటాడు. గేదె అడ్డం వస్తే ఆయన కుడికాలు లేని బ్రేకును తొక్కుతుంది. ఆ కాలికి ఇంకొక్క ప్రయాణం బాకీ పడ్డాను, దాన్ని తీర్చే దారి లేదు. అందుకే మద్దిలేటన్న ఉలి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఇక ఈ చేత్తో అమ్మ ఊరగాయ సీసా మూత తప్ప మరేదీ విప్పను. అదైనా ఏ పక్కకు తిప్పాలో అమ్మనడిగాకే.